స్వచ్ఛంద డెవలపర్లకు పారితోషికం: చిన్న ప్రోగ్రామింగ్ భాషల నుంచి గుంజాల గోండి లిపి వరకు

ప్రోగ్రామింగ్ భాషలకు అదనపు శక్తినిచ్చే ప్యాకేజీలను జీతం లేకుండా రాసి అందరికీ ఉచితంగా ఇచ్చే డెవలపర్లు ప్రపంచమంతటా ఉన్నారు. వారి శ్రమకు ఎంతో కొంత డబ్బు అందేలా సంఘాలు, కంపెనీలు, ప్రభుత్వాలు చేసుకున్న ఏర్పాట్లే ఈ వ్యాస విషయం. వాడేవాళ్లు కోట్లలో ఉన్న భాషలకు కంపెనీల అండ ఎలాగో దొరుకుతుంది. వేలల్లోనే వాడుకరులున్న భాషలకు ఆ అండ ఉండదు. ఒకరిద్దరు ఓపిక పట్టినంతకాలం ప్యాకేజీ బతుకుతుంది, వాళ్లు వదిలేస్తే ఆగిపోతుంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంది. గోండి, కొలామి అనే గిరిజన భాషలు మాట్లాడేవారికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను లాభం కోసం చేసే కంపెనీ లేదు. అది జరగాలంటే స్వచ్ఛంద శ్రమ కావాలి. ఆ శ్రమ నిలవాలంటే దానికి తగిన ప్రతిఫలం కావాలి.

ప్యాకేజీలు, వాటి వెనక పని

ఏ ప్రోగ్రామింగ్ భాషా అన్ని పనులూ తనంతట తాను చేయదు. తేదీలు లెక్కించడానికి, పటాలు గీయడానికి, డేటాబేస్‌తో మాట్లాడడానికి విడివిడి ప్యాకేజీలుంటాయి. వాటిని ఒకచోట చేర్చే భండారాలు 1990లలో మొదలయ్యాయి. టెక్ భాషకు సీటాన్ 1992లో, పెర్ల్‌కు సీపాన్ 1995లో, గణాంక శాస్త్రవేత్తలు వాడే ఆర్ భాషకు క్రాన్ 1997లో వచ్చాయి. పైథాన్‌కు పైపీఐ, జావాస్క్రిప్ట్‌కు ఎన్‌పీఎం తర్వాతివి.

ప్యాకేజీ రాయడం పనిలో చిన్న భాగమే. అసలు పని దాన్ని విడుదల చేసిన మర్నాటి నుంచి మొదలవుతుంది. తెలుగు పాఠ్యాన్ని అక్షరాలుగా విడదీసే ప్యాకేజీనే తీసుకుందాం. 'క్షీరం' అనే మాటలో మొదటి అక్షరం 'క్షీ' మన కంటికి ఒకటే. లిపులన్నిటికీ సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో అది క, పొల్లు, ష, గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కనుక మొత్తం పన్నెండు బైట్లు. 2023 దాకా ఉన్న యూనికోడ్ నియమం ప్రకారం దీన్ని విడదీస్తే రెండు ముక్కలయ్యేది, 'క్' ఒకటి, 'షీ' ఒకటి. ఆ ఏడాది సెప్టెంబరులో వచ్చిన 15.1 సంచిక తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదని నియమం మార్చింది. కంటికి ఒకటైనది లెక్కలోనూ ఒకటైంది. మంచి మార్పే. కానీ ఆ నియమంపై ఆధారపడ్డ ప్రతి భాషలోని ప్రతి ప్యాకేజీని ఎవరో ఒకరు తెరిచి, దిద్ది, పరీక్షించి, మళ్లీ విడుదల చేయాలి. యూనికోడ్ దాదాపు ఏటా కొత్త సంచిక తెస్తుంది కాబట్టి ఈ పని ఏటా ఉంటుంది. దీన్నే నిర్వహణ అంటారు, చేసేవారిని మెయింటెయినర్లు అంటారు.

సమస్య బయటపడిన తీరు

2014 ఏప్రిల్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ప్యాకేజీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. బ్యాంకుల నుంచి ఈ-మెయిల్ దాకా ఇంటర్నెట్‌లో రహస్యంగా సాగే మాటల్లో చాలా భాగం ఆ ప్యాకేజీ మీదే నడుస్తోంది. దాని వెనకున్న సంస్థకు అప్పటిదాకా ఏటా అందిన విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని తెలిసి లోకం నివ్వెరపోయింది. 2016 మార్చిలో ఒక డెవలపర్ పదకొండు వరుసల లెఫ్ట్-ప్యాడ్ ప్యాకేజీని ఎన్‌పీఎం నుంచి తీసేయగానే దానిపై ఆధారపడ్డ వేలాది ప్రాజెక్టుల తయారీ ఆగిపోయింది. అదే ఏడాది నాదియా ఎగ్బాల్ ఫోర్డ్ ఫౌండేషన్ కోసం రాసిన 'రోడ్స్ అండ్ బ్రిడ్జెస్' నివేదిక ఈ ప్యాకేజీలు రోడ్లు, వంతెనల్లాంటి ప్రజా వసతులని, వాటి మరమ్మతుకు ఎవరూ బాధ్యత తీసుకోవడం లేదని వివరంగా చూపించింది.

2021 డిసెంబరులో లాగ్4జే అనే ప్యాకేజీలో పెద్ద లోపం బయటపడినప్పుడు రాత్రింబవళ్లు కూర్చుని సరిచేసినవారు స్వచ్ఛంద డెవలపర్లే. 2024 మార్చిలో వెలుగు చూసిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఇంకా ఆందోళన కలిగించేది. ఒంటరిగా పనిచేస్తూ అలసిపోయిన మెయింటెయినర్‌కు సాయం చేస్తానంటూ ఒక అజ్ఞాత వ్యక్తి దగ్గరై, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి ప్యాకేజీలో దొంగదారి పెట్టాడు. చేతినిండా పని, పక్కన మనిషి లేకపోవడం, పైసా రాబడి లేకపోవడం భద్రతకే ముప్పని అప్పుడు అందరికీ అర్థమైంది.

చెల్లింపు పద్ధతులు

పని ఒప్పుకొని ఇచ్చే గ్రాంటు వీటిలో పాతది. పెర్ల్ సమాజం 2001లో విరాళాలు పోగుచేసి డేమియన్ కాన్వే అనే డెవలపర్ ఏడాదిపాటు పూర్తికాలం పెర్ల్ కోసమే పనిచేసే ఏర్పాటు చేసింది. ఆ తర్వాత పెర్ల్ ఫౌండేషన్ చిన్న చిన్న నిర్దిష్టమైన పనులకు గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఏం చేస్తారో, ఎన్నాళ్లు పడుతుందో దరఖాస్తులో రాయాలి, పని జరుగుతుండగా నివేదికలు బహిరంగంగా పెట్టాలి. ఆర్ భాషకు 2015లో ఏర్పడిన ఆర్ కన్సార్షియం తన మొదటి గ్రాంటుగా 85,000 డాలర్లను ఆర్-హబ్ అనే సేవకు ఇచ్చింది. రకరకాల కంప్యూటర్లపై ప్యాకేజీని పరీక్షించుకునే వీలు దాని వల్ల ప్యాకేజీ రాసే ప్రతి ఒక్కరికీ కలిగింది. ఒక్కరికిచ్చిన డబ్బు వేలమంది శ్రమ తగ్గించిన సందర్భమిది.

సభ్యత్వ నిధి రెండో పద్ధతి. చిన్న భాషలకు ఇది బాగా కుదిరింది. రిచ్ హికీ 2007లో విడుదల చేసిన క్లోజర్ భాషను వాడేవారు 2017లో క్లోజరిస్ట్స్ టుగెదర్ అనే సంస్థ పెట్టుకున్నారు. రూబీ భాషవారు 2015లో పెట్టుకున్న రూబీ టుగెదర్ దానికి నమూనా. క్లోజర్‌తో వ్యాపారం చేసే కంపెనీలు, మామూలు డెవలపర్లు నెలనెలా చందా కడతారు. ఏ పనులు ముఖ్యమో సభ్యులను అడుగుతారు, సభ్యులు ఎన్నుకున్న కమిటీ దరఖాస్తులను పరిశీలిస్తుంది. ఎంపికైన ప్రాజెక్టుకు మూడు నెలలకు 9,000 డాలర్ల వరకు ఇచ్చిన విడతలున్నాయి. ఏడాది పొడవునా నెలకు 1,500 డాలర్ల చొప్పున ఇచ్చే పథకం కూడా ఉంది. ఈ రెండోది ప్రత్యేకించి గమనించదగినది, ఎందుకంటే అందులో ఫలానా కొత్త సదుపాయం చేసి చూపించాలనే షరతు కన్నా మనిషి మీద నమ్మకం ఎక్కువ. ప్యాకేజీని ఆరోగ్యంగా ఉంచడమే అక్కడ పని.

మన చెరువుల కింద నీరటికి రైతులంతా పంటలో ఇంత అని కొలిచేవారు. కొత్త చెరువు తవ్వినందుకు కాదు, తూము వేళకు తీసి వేళకు మూసినందుకు. సభ్యత్వ నిధి చేసే పని సరిగ్గా అదే.

నేరుగా ఉద్యోగం ఇవ్వడం మూడో పద్ధతి. జిగ్ భాష కోసం 2020లో ఏర్పడిన జిగ్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ విరాళాలతో డెవలపర్లకు గంటల లెక్కన చెల్లిస్తోంది. విద్యార్థులకు స్టైపెండ్ ఇవ్వడం నాలుగోది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, అందులో భారతీయ విద్యార్థులు ఏటా పెద్ద సంఖ్యలో ఉంటారు. 2017 నుంచి స్టైపెండ్‌ను ఆయా దేశాల ధరవరలను బట్టి నిర్ణయిస్తున్నారు. వాడుకరులే డెవలపర్‌కు నేరుగా నెలనెలా కొంత పంపే గిట్‌హబ్ స్పాన్సర్స్ 2019లో వచ్చింది. పేరున్న కొద్దిమందికి అది అక్కరకొచ్చింది. ఎవరి కంటా పడని ప్యాకేజీలకు దానివల్ల ఒరిగింది తక్కువ. ఇక ప్రభుత్వాల వంతు: జర్మనీ 2022లో సావరిన్ టెక్ ఫండ్ పెట్టి, అందరూ ఆధారపడే మౌలిక సాఫ్ట్‌వేర్ నిర్వహణకు ప్రజాధనం కేటాయించింది.

ఇన్ని మార్గాలున్నా డబ్బు చేరేది కొద్దిమందికే. టైడ్‌లిఫ్ట్ సంస్థ 2024లో ప్రకటించిన సర్వేలో మెయింటెయినర్లలో 60 శాతం మంది తమకు ఏ చెల్లింపూ లేదన్నారు.

డబ్బు మీద అభ్యంతరాలు

ఇష్టంతో చేసే పనికి వెల కడితే ఇష్టం చచ్చిపోతుందనే వాదన పాతది. బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ టిట్మస్ 1970లో రక్తదానం మీద రాసిన పుస్తకంలో ఈ మాటే అన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. 2006లో ఆ ప్రాజెక్టు తర్వాతి విడుదలను సమయానికి తేవడానికి డంక్-ట్యాంక్ అనే పథకం కింద ఇద్దరు విడుదల నిర్వాహకులకు నెల రోజుల పూర్తికాలపు పనికి చెల్లింపు ఏర్పాటు చేశారు. అందరం ఊరికే చేస్తుంటే ఇద్దరికే ఎందుకని తక్కినవారిలో అసంతృప్తి రేగింది, కొందరు పని తగ్గించుకున్నారు. డిసెంబరులో రావలసిన విడుదల 2007 ఏప్రిల్‌లో వచ్చింది.

ఈ అనుభవం డబ్బు వద్దని చెప్పదు. ఎవరికి, ఎందుకు, ఎవరు నిర్ణయించారన్నది అందరికీ ముందే తెలియకపోతే డబ్బు తగువు తెస్తుందని చెబుతుంది. సభ్యుల ఓటు, బహిరంగ దరఖాస్తు, బహిరంగ నివేదిక ఉన్నచోట ఇలాంటి గొడవకు తావు తగ్గుతుంది. పైగా 'సేవకు డబ్బేమిటి' అనే మాట తీరిక, ఆస్తి ఉన్నవారికి సులువు. ఇంటికి డబ్బు పంపాల్సిన రైతు బిడ్డకు, సింగరేణి కార్మికుడి బిడ్డకు ఊరికే చేసే పని ఎంత ఇష్టమైనదైనా ఎన్నాళ్లో సాగదు. పారితోషికం లేని చోట చివరికి మిగిలేది కలిగినవారి సేవే.

భారతదేశంలో

భారతీయ కంపెనీలు దశాబ్దాలుగా ఉచిత సాఫ్ట్‌వేర్ మీద ఆదాయం గడించాయి. తిరిగి ఇవ్వడం ఈమధ్యే మొదలైంది. 2020 ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఫాస్ యునైటెడ్ ఫౌండేషన్ దేశంలోని ప్రాజెక్టులకు గ్రాంట్లు ఇస్తూ, పలుచోట్ల డెవలపర్ల సమావేశాలు జరుపుతోంది. స్టాక్ బ్రోకింగ్ సంస్థ జెరోధా 2024 అక్టోబరులో ఫ్లాస్ ఫండ్ ప్రకటించింది. ప్రపంచంలో ఎక్కడివైనా సరే, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్లు, ఒక్కోదానికి 10,000 నుంచి లక్ష డాలర్ల వరకు ఇవ్వడం దాని ఉద్దేశం.

విదేశాల నుంచి విరాళం తెచ్చుకోవడం స్వచ్ఛంద సంస్థలకు అంత తేలిక కాదు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద నమోదు ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. జిల్లా స్థాయిలో పదిమంది కలిసి పెట్టుకున్న చిన్న సంఘానికి ఇది మోయలేని భారం. అందుకే దేశంలోనే పుట్టిన నిధుల అవసరం ఎక్కువ.

తెలుగులో ముందు నడిచినవారు

కంప్యూటర్‌లో తెలుగు నిలబడింది చాలావరకు జీతం లేని శ్రమ మీదే. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతిని రూపొందించారు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. తెలుగు పత్రికలు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడుతున్న రోజుల్లో వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్‌ను వెన్న నాగార్జున రాశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిందీ ఆయనే. పద్మ కోడ్ ఆధారంగా వీవెన్ చేసిన లేఖిని అనే టైపింగ్ సాధనం ఎంతోమంది చేత తొలిసారి తెలుగు టైపు చేయించింది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చి, ఇంజనీరింగ్ విద్యార్థులకు శిబిరాలు పెట్టి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఉద్యమంగా నడిపింది.

నిర్వహణ భారం ఇక్కడా కనిపిస్తుంది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి యాడ్-ఆన్‌లకు మద్దతు ఆపేసింది. అప్పటిదాకా స్వచ్ఛందంగా రాసిన వేలాది యాడ్-ఆన్‌లను మళ్లీ మొదటి నుంచి రాస్తే తప్ప పనిచేయని స్థితి వచ్చింది. రాసినవారిలో ఎందరో అప్పటికి ఉద్యోగాల్లో, సంసారాల్లో మునిగిపోయి ఉన్నారు. తిరగరాయడానికి ఆరు నెలల తీరిక కొనిచ్చే నిధి ఏదీ మనకు అప్పుడు లేదు.

గుంజాల గోండి: ఆదిలాబాద్ ఉదాహరణ

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో గోండి భాషకు ప్రత్యేక లిపిలో రాసిన పాత రాతప్రతులు దొరికాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వంలోని పరిశోధకులు వాటిని వెలుగులోకి తెచ్చారు. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా ఉన్నవారు సుమారు 29.8 లక్షలు. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ రాష్ట్రాల్లో విస్తరించిన ఈ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. ఫలితంగా షెడ్యూలు భాషలకు అందే సాంకేతిక పథకాల్లో దీనికి చోటు దొరకడం కష్టమైంది.

గుంజాల లిపి కంప్యూటర్‌లోకి వచ్చిన దారిలో పారితోషికం పాత్ర స్పష్టంగా ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో 2002లో మొదలైన స్క్రిప్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్ గ్రాంట్లు, విరాళాలు కూడగట్టి లిపి పరిశోధకులకు పని కల్పించింది. దానితో కలిసి పనిచేసిన అన్షుమన్ పాండే గుంజాల గోండి ప్రతిపాదన రాశారు. 2018 జూన్‌లో యూనికోడ్ 11.0 సంచికలో 63 సంకేతాలతో ఈ లిపి చేరింది. మధ్యప్రదేశ్‌లో మున్షీ మంగల్ సింగ్ మసారాం 1918లో గోండికి రూపొందించిన మరో లిపి అంతకు ఏడాది ముందే చేరింది. గూగుల్ ఖర్చుతో తయారైన నోటో ఫాంట్ల వరుసలో గుంజాల గోండికీ ఒక ఉచిత ఫాంటు వచ్చింది. ప్రతిపాదన రాసినవారికీ ఫాంటు గీసినవారికీ ఎవరో ఒకరు చెల్లించారు కాబట్టే ఈ రెండూ పూర్తయ్యాయి.

ఆ తర్వాతి మెట్టులో చిక్కుంది. లిపి యూనికోడ్‌లో చేరినంత మాత్రాన ఉట్నూరులోని బడి పిల్లవాడు తన ఫోనులో గోండి రాయలేడు. ఈ అక్షరాలు యూనికోడ్‌లో మొదటి 65,536 స్థానాల ఆవల ఉన్నాయి. తెలుగు సంకేతానికి మూడు బైట్లు చాలితే వీటికి నాలుగు కావాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పాత 'యూటీఎఫ్8' అమరిక మూడు బైట్లకే పరిమితం. ఆ అమరికతో కట్టిన వెబ్‌సైటులో తెలుగు పేరు నిక్షేపంగా నిలుస్తుంది, గుంజాల లిపిలో రాసిన పేరు నిలవదు. జావాస్క్రిప్ట్‌లో ఒక పదం పొడవు అడిగితే తెలుగు 'మ' ఒకటి, గుంజాల 'మ' రెండు. పేరు పెట్టెలో పది అక్షరాల హద్దు పెట్టిన డెవలపర్ తెలియకుండానే గోండి పిల్లవాడికి అయిదు అక్షరాలే మిగులుస్తాడు. అక్షర క్రమం కూడా వేరు. గుంజాల లిపిలో హల్లుల వరుస క, ఖ, గ అని సాగదు. య, వ, బ, భ, మ అని మొదలవుతుంది. ఒకే నిఘంటువును తెలుగు లిపిలో ఒక వరుసలో, గుంజాల లిపిలో ఇంకో వరుసలో పేర్చాలి. కీబోర్డులు, లిప్యంతరీకరణ, అక్షరదోషాల తనిఖీ, వరుస పేర్పు వంటివన్నీ చిన్న చిన్న ప్యాకేజీల పని. ఇవి ఏ ఒక్కటీ పెద్దవి కావు, కానీ అన్నిటికీ ఏటా కాపలా కావాలి.

ప్రభుత్వం వైపు నుంచి ఒక అడుగు పడింది. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025 సెప్టెంబరులో ఆది వాణి అనే అనువాద సాధనాన్ని ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. మొదటి విడత భాషల్లో సంతాలీ, భీలీ, ముండారీలతో పాటు గోండి ఉంది. ఐఐటీ ఢిల్లీ నాయకత్వం వహించిన ఈ పనిలో ఐఐఐటీ హైదరాబాద్ భాగస్వామి. పెద్ద సాధనాలకు ప్రజాధనం రావడం హర్షించదగ్గదే. వాటి కింద నిలబడాల్సిన చిన్న ప్యాకేజీలకూ అదే చేత్తో కొంత కేటాయిస్తే ఆ సాధనం పదేళ్లు నిలుస్తుంది.

కరీంనగర్, ఆదిలాబాద్ యువతకు ఇందులో చోటు

2016 అక్టోబరులో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు పలు జిల్లాలుగా విడిపోయాయి. ఈ ప్రాంతంలో ప్రోగ్రామింగ్ నేర్చినవారికి కొదవ లేదు. పల్లెటూరి పిల్లలకు ఆరేళ్ల సమీకృత ఇంజనీరింగ్ చదువు కోసం 2008లో ఏర్పడిన బాసర ఆర్‌జీయూకేటీ నిర్మల్ జిల్లాలో ఉంది. జగిత్యాల జిల్లా నాచుపల్లిలో 2007లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. కరీంనగర్‌లో 2020లో ఐటీ టవర్ ప్రారంభమైంది. అయినా చదువు పూర్తికాగానే చాలామంది హైదరాబాద్ బస్సు ఎక్కుతారు.

చిన్న భాషల నిధులు వీరికి రెండు విధాలా పనికొస్తాయి. డాలరు విలువ 80 రూపాయలు దాటిన ఈ రోజుల్లో క్లోజర్ సంఘం ఇచ్చే నెలకు 1,500 డాలర్లు లక్షా ఇరవై వేల రూపాయల పైమాటే. అమెరికా నగరంలో అద్దెకు చాలని మొత్తం కరీంనగర్‌లో కుటుంబాన్ని నడిపే జీతం. ప్యాకేజీ పనికి ఊరు విడిచి వెళ్లనక్కర్లేదు, కాలేజీ పేరు అడగరు, రాసిన కోడ్ బహిరంగంగా ఉంటుంది కనుక పనితనమే సిఫారసు. రెండోది, గోండి, కొలామి మాట్లాడేవారి పక్కన కూర్చుని చేయాల్సిన పని బెంగళూరు నుంచి సరిగా జరగదు. గుంజాలలో అక్షరం వంపు సరిగా ఉందో లేదో చెప్పగలిగేది ఆ లిపి నేర్పే గోండు ఉపాధ్యాయుడు. ఆయన ఇచ్చే సమయం కూడా శ్రమే. కోడ్ రాసినవారికి చెల్లించి భాష చెప్పినవారికి నమస్కారంతో సరిపెట్టే పద్ధతి న్యాయం కాదు. బెంగళూరులో పుట్టిన కార్య అనే సంస్థ భారతీయ భాషల డేటా అందించే గ్రామీణులకు గంటల లెక్కన మంచి కూలి ఇచ్చి ఇది సాధ్యమేనని చూపింది.

ఏ నిధి నిలుస్తుంది

ఇరవై అయిదేళ్ల అనుభవాన్ని కలిపి చూస్తే నిలిచిన నిధులకు కొన్ని పోలికలున్నాయి. మొత్తం చిన్నదైనా వేళ తప్పకుండా అందుతుంది. కొత్తగా కట్టినదానితో సమానంగా ఉన్నదాన్ని కాపాడిన పనికీ విలువ ఉంటుంది. ఎవరికి ఎందుకు ఇచ్చారో వాడుకరులందరికీ కనిపిస్తుంది. మెయింటెయినర్ తప్పుకోవాలనుకుంటే పక్కన మరొకరిని తయారుచేసుకునే వ్యవధి, దానికయ్యే ఖర్చు కూడా అందులో ఉంటాయి. హ్యాకథాన్ బహుమతులు, ఒక్కసారి ఇచ్చి మరిచిపోయే గ్రాంట్లు ఈ పని చేయలేవు. ఉత్సాహం పుట్టించడం వరకే వాటి వల్ల అయ్యేది.

తెలుగు నేల మీద ఇలాంటి నిధికి కావలసినవన్నీ ఉన్నాయి. ఉచిత ప్యాకేజీల మీద వ్యాపారం చేసే కంపెనీలు హైదరాబాద్‌లో ఉన్నాయి, డాలర్లలో సంపాదించే తెలుగువారు ప్రపంచమంతా ఉన్నారు, పని చేయగల యువత బాసర, జగిత్యాలల్లో ఉంది, పని అవసరమైన భాషలు ఉట్నూరు, నార్నూర్ల చుట్టూ ఉన్నాయి. నెలకు ఇద్దరు డెవలపర్లకు, ఇద్దరు గోండి ఉపాధ్యాయులకు గౌరవప్రదమైన చెల్లింపు ఇవ్వగల సభ్యత్వ నిధి ఒకటి ఏర్పడితే గుంజాల లిపికి కీబోర్డు, నిఘంటువు, వరుస పేర్పు ఏటా సరిచూసే మనుషులు దొరుకుతారు. రాతప్రతులను కాపాడుకోవడం ఎంత ముఖ్యమో, ఆ లిపిని ఫోన్లలో నడిపించే చేతులకు జీతం ఏర్పాటు చేయడమూ అంతే ముఖ్యం.